గోడ తీయించాను, నాన్నా

నాన్నా,

మీరు పోయి ఈ రోజుకి ఏడాది. మీ మెకానిక్ షెడ్డు తాళంచెవి ఇన్నాళ్ళూ నా బ్యాగులోనే మోశాను. ఇక ఓపిక లేకపోయింది.

పోయిన వారం పక్క షెడ్డు సత్తిబాబు గారు ఇంటికి వచ్చారు. ఒక కస్టమర్ విషయంలో మాటామాటా అనుకుని, ఇరవై ఏళ్ళు మీరిద్దరూ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత ఆయన మన గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి.

కొత్తగా వచ్చిన ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ ఒకటి తన పోటీ కంపెనీతోనే చేతులు కలిపిందట. రెండింటి కార్లకీ రాజమండ్రిలో ఒకే సర్వీస్ సెంటర్ పెడతారట. దానికి మీ రెండు షెడ్లూ కలిపి కావాలి. మధ్యలో మీరు కట్టించిన గోడ తీసేయాలి.

"అంత పెద్ద కంపెనీలే కలిసిపోయాయమ్మా. మాకేంటో కుదరలేదు," అన్నారాయన.

ఒప్పందం కాగితం నా ముందు పెట్టారు. సంతకం పెడితే మీ పంతాన్ని కాదన్నట్టవుతుందని, దాన్ని ఆయన వైపే జరిపాను.

"బండి నాకు లొంగకపోతే మీ నాన్నగారు గోడవతల నుంచి ఆ చప్పుడు వినేవారు. 'ఇంజెక్టర్ చూడాలిరా' అని గట్టిగా అనేవారు, పక్కన ఎవరితోనో చెప్తున్నట్టు. అప్పుడక్కడ ఎవరూ ఉండరని నాకు తెలుసమ్మా. విప్పి చూస్తే లోపం ఇంజెక్టర్‌లోనే ఉండేది," అన్నారాయన.

ఈ సంగతి మీరు మాకు ఎప్పుడూ చెప్పలేదు. సంతకం పెట్టి, తాళంచెవి ఆయన చేతికిచ్చాను.

ఈ రోజు గోడ కొట్టేశారు. ఇటుకలు ఒకపక్కకి తీశాక, కంపెనీవాళ్ళు చూపించడానికి ఒక కారు తెచ్చారు. అది లోపలికి వచ్చి ఆగింది. ఏ చప్పుడూ లేదు. సత్తిబాబు గారు మాత్రం పాత అలవాటున మన షెడ్డు వైపు చెవి ఒగ్గి నిలబడ్డారు.