సకినాల కింద పచ్చబట్ట

కోరుట్ల, శుక్రవారం

సిరిసిల్ల నుంచి బావ ఇవాళ నా కుట్టుమిషన్ కొట్టుకు వచ్చాడు. నలభై సాంచాల, అంటే మరమగ్గాల, ఆసామి, వచ్చే నెల సింహాలను చూడటానికి ఆఫ్రికా పోతాడట. సూదులు వేయించుకున్నాడట. అక్కడి కూడు పడదని అక్క చేత మామిడికాయ తొక్కు పెట్టిస్తున్నాడట. ఆ తొక్కు ఘాటుకు సింహాలే పారిపోతాయి.

అక్క పంపిన సకినాల డబ్బా తెచ్చాడని సంబరపడ్డాను. సకినాల అడుగు నుంచి పచ్చబట్ట తీశాడు.

"గీ మిల్ట్రీ రంగైతె జంతువులకు కనవడమంట. రెండు జతలు కుట్టు బామ్మర్దీ."

అడవిలోని నక్సలైట్ అన్నలకు ఆ రంగు యూనిఫాం కుట్టానన్న అనుమానంతోనే పోయిన ఏడు పోలీసులు నన్ను మూడు రోజులు ఠాణాలో కూర్చోబెట్టారు. అప్పుడు ఈ పెద్దమనిషి అటు తొంగి కూడా చూడలేదు.

"మల్ల నన్ను లోపలేస్తరు బావా."

"గింత పిరికోనివేందిరా? నేను సింహాల నడుమకు పోతలేనా?"

అయితే నీ బట్ట నువ్వే తీసుకుపొమ్మన్నాను. బావ ముఖం తెల్లబోయింది.

"అమ్మో, బస్సుల చెకింగుంటది. నీ కాడనే ఉండనియ్యి."

దారిలో ఆకలవుతుందని సకినాల డబ్బా మాత్రం చంకలో పెట్టుకుని పోయాడు, సింహాల వీరుడు.

బట్ట నా మంచం కింద ఉంది.