కొండ కోసిన సంగతి

గౌరవనీయులైన పురపాలక అధ్యక్షులవారికి,

మా బొమ్మరైళ్ల బృందానికి సత్కారం చేస్తామన్న మీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. అయితే ఫలకం మీద ‘ఆగకుండా చుట్టూ తిరిగే రైలు’ అని మాత్రం చెక్కించకండి. అదిప్పుడు తిరగడం లేదు.

మా రైలుబల్ల గది నిండా గుండ్రంగా ఉండేది. మధ్యలో నిలబడి చూడాలంటే బల్లకింద దూరి రావాలి. మా నెత్తిమీది బొప్పులే సాక్ష్యం. ప్రదర్శనల విరాళాలతో మేం మొదటి చక్రాల కుర్చీ కొనిచ్చిన బామ్మగారు మొన్న రైలు చూడ్డానికి వచ్చారు. బల్లను ఎగాదిగా చూసి, “కుర్చీ కొనిచ్చారు, బాగుంది. మరి నన్ను లోపలికి ఎటునుంచి రమ్మంటారు నాయనా?” అన్నారు.

మాలో ఒకాయన పళ్లడాక్టరు. పళ్ల అచ్చులు తీసే ప్లాస్టర్‌తో బల్లమీద తాను ఆరేళ్లపాటు కట్టిన కొండను, దాని కింది బల్లతో సహా, ఆయనే రంపం తెచ్చి కోసేసి కుర్చీ పట్టేంత సందు చేశాడు. కళ్లు తుడుచుకుంటూ, దుమ్ము పడిందన్నాడు.

ఇప్పుడు రైలు ఆ సందు దాకా వచ్చి వెనక్కి పోతుంది. విజిల్ ఊదేదీ, టికెట్లు చూసేదీ బామ్మగారే. తమరు తల వంచకుండా నేరుగా లోపలికి రావచ్చు. టికెట్ మాత్రం తప్పకుండా కొనండి. అది లేదని నిన్న ఆవిడ నన్నే బయటికి పంపేశారు.

ఇట్లు,
గుమ్మం అవతలి నుంచి,
తమ విధేయుడు, బృంద కార్యదర్శి