మీ అన్న మనింట్లో భోంచేశాడు

రత్నమ్మా,

వచ్చే వారం ఫ్రాన్సు దేశంలోని లియాన్ అనే ఊరికి పోతున్నాను. మన చింతామణి పట్టుదారం నమూనా చూసి, అక్కడి నేతమిల్లు వాళ్ళు బేరానికి రమ్మన్నారు. విమానంలో ప్రయాణం. ఆ ఊళ్ళో రెండు నదులున్నాయట. అంతకుమించి నాకేమీ తెలియదు.

సంగతి విని బాగేపల్లి నుంచి మీ అన్న వచ్చాడు. నువ్వున్నన్నాళ్ళూ ఆయన మన గడప దాటలేదు. పట్టుగూళ్ళు ఉడికే కంపని ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, నువ్వు విస్తరి వేసి పిలిచినా వెళ్ళిపోయేవాడు. ఆ పూట నువ్వూ తినేదానివి కాదు.

ఈరోజు నేరుగా వంటింట్లోకి వచ్చి, నా పక్కన పీట వాల్చుకున్నాడు. మన కోడలు వడ్డించింది.

"ఆడ సంగటి దొరకదంట కదా బావా, ఏం తింటావు?"

"రొట్టె తింటాను."

"ఆ చలికి నీ పంచె బిగుసుకుపోతాది. ప్యాంటు కుట్టించినావా?"

"కుట్టించినా. ఏసుకుంటే నడక రాలేదు."

పొలమారేదాకా నవ్వాడు. నీళ్ళు తాగి చుట్టూ చూశాడు.

"అవునూ, కంపే లేదు. గూళ్ళు ఉడికించేది నిలిపేస్తివా?"

"లేదు బావా. నీ వెనక గోడ అవతలే ఉడుకుతాండాయి."

చేయి కడుక్కోబోయినవాడు మళ్ళీ కూర్చుని, "ఇంకో ముద్ద ఎయ్యమ్మా" అన్నాడు.

నేనూ వేయించుకున్నాను.