బొట్టు పెట్టిన కంప్యూటర్

సరోజక్కా,

బలిమేకకు పెట్టినట్టు నీ కంప్యూటర్‌కు బొట్టు పెట్టి మరీ చంపారు. ఈ మాట చెప్పుకోవడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు?

నువ్వు పోయాక దమ్మపేట కంప్యూటర్ సెంటర్‌లో ఇదే మొదటి ఆయుధపూజ. ఓనర్ సార్ మానిటర్‌కు పసుపు రాసి బొట్టు పెట్టాడు. తెర శుభ్రంగా ఉండాలంటూ దాని మీద దుర్గమ్మ బొమ్మ పెట్టి, అమ్మవారి ముఖానికి అడ్డొస్తున్నాయని ఐకాన్లన్నీ డిలీట్ చేశాడు. మర్నాడు నువ్వు మాకు ప్రోగ్రాములు రాయడం నేర్పిన టర్బో సి ఐకాన్ కనబడకపోయేసరికి సాఫ్ట్‌వేరే పోయిందని గోల.

"ఐకానే పోయింది సార్. సి డ్రైవ్‌ల టీసీ ఫోల్డర్ తెరిస్తే దాంట్ల బిన్ అనే ఇంకో ఫోల్డర్ ఉంటది, టర్బో సి అండ్లనే ఉంటది. సరోజక్క మాకు గట్లనే చూపించింది," అన్నాను.

"పోయినామె ముచ్చట ఇప్పుడెందుకు? నాకే నేర్పుతున్నవా ఏంది?" అన్నాడు. నీ పేరు చెప్పుకుని అడ్మిషన్లు తెచ్చుకున్న మనిషి!

సార్ ఖమ్మం నుంచి పిలిపించిన మెకానిక్ ఆ ఫోల్డర్ తెరిచి కూడా చూడలేదు. డిస్కంతా ఫార్మాట్ కొట్టి, ఉన్నదంతా చెరిపేసి, విండోస్, టర్బో సి మళ్లీ ఎక్కించాడు. "పనంటే గిట్ల జల్దీ కావాలె," అని సార్ ప్రసాదం కొబ్బరి నములుతూ మెచ్చుకున్నాడు.

వాళ్లు పోయాక నేను బిన్ తెరిచాను. టర్బో సి నువ్వు చూపించిన చోటే ఉంది. మా కోసం రాసిన ప్రోగ్రాములన్నీ నువ్వు అక్కడే సేవ్ చేసేదానివి కదా, జ్వరం ముదిరిన రోజు సగంలో ఆపేసినదాన్ని కూడా. కిందిదాకా వెతికాను.

అంతా శుభ్రంగా ఉందక్కా.