తాడు రెండుసార్లు గుంజితే

మూస్ వాగు, 1899 జనవరి

సోదరీ సమానురాలైన గుద్రున్ గారికి,

ముందుగా నా రాతను మన్నించండి. ముప్పై ఎనిమిదో ఏట, పదేళ్ళ క్రితం, రాత్రి బడిలో చేరి నేర్చుకున్నది. ప్రథమ శ్రేణి పట్టా ఉంది గానీ, ఈ సంగతి రాయడానికి అది చాలడం లేదు. మీ భర్త హాల్వర్ గోతిలో పొగ కమ్మి రెప్పపాటులో పోయాడని కిందటి ఉత్తరంలో రాశాను. అది అబద్ధం.

బంగారం కోసం గడ్డకట్టిన నేలను మంటతో కరిగించాక ఒకరు దిగి తవ్వాలి, మరొకరు పైన గిలక తిప్పాలి. తాడు ఒకసారి గుంజితే బొక్కెనను లాగాలి. రెండుసార్లు గుంజితే మనిషిని. ఆ ఉదయం మా తవ్వకపు స్థలం హద్దురాటపై నా పేరులోనే ఒక అక్షరం తప్పు చెక్కాను. హాల్వర్ పగలబడి నవ్వాడు.

“ఏమోయ్ పంతులూ! అన్నీ నేర్పినాయన నీ పేరు నేర్పడం మరిచాడా?” అంటూనే దిగాడు.

నేను కత్తి తీసుకుని ఆ అక్షరం దిద్దుతున్నాను. తాడు రెండుసార్లు గుంజుకుంది. మా కుక్క స్కాగ్ మొరిగింది.

“ఉండనీ వాణ్ణి కాసేపు, నన్ను చూసి నవ్వాడుగా” అన్నాను దానితో.

అక్షరం పూర్తిచేసే వచ్చాను. తాడు తేలికగా పైకి వచ్చింది. ఆయన కిందే, పొగలో ఊపిరాడక పోయాడు.

ఆయనను పూడ్చాక తాడు విప్పి గుడిసెలో మేకుకు తగిలించాను. రోజూ మధ్యాహ్నం అది రెండుసార్లు గుంజుకునేది. తలుపు మూసే ఉండేది, గాలి కాదు. స్కాగ్ తాడు వంక చూసేది కాదు. నా వంక చూసేది.

నిన్న ఆ తాడును మళ్ళీ గిలకకు కట్టి, బొక్కెనతో గోతిలోకి దించాను. రెండుసార్లు గుంజుకుంది. తిప్పాను. ఒక మనిషి బరువు అంచుదాకా వచ్చి, చటుక్కున తేలికైపోయింది. బొక్కెన ఖాళీ. స్కాగ్ వెనకకాళ్ళపై లేచి, మనిషి చెయ్యి ఉండేంత ఎత్తులో గాలిని నాకింది. తోక ఊపుకుంటూ మీరుండే డాసన్ పట్టణం దారి పట్టింది. బాట మధ్యన కాదు, ఇంకొకరికి చోటు విడిచినట్టు ఓ పక్కగా. పిలిచినా తిరిగి చూడలేదు. మంచులో కుక్క అడుగులే ఉన్నాయి.

ఈ ఉత్తరం కన్నా ముందే అది మీ గడప చేరుతుంది. దాన్ని లోపలికి రానిచ్చాక వెంటనే తలుపు వేయకండి.

ఇది మీరు చదివి, మీ మరిది ఆస్లాక్‌కు చదివి వినిపించండి. ఆ తర్వాతే పోలీసు అధికారికి ఇవ్వండి. ఆయనకన్నా ముందు ఆస్లాక్ రాదలిస్తే ఆపకండి. నేనిక్కడే ఉంటాను.

ఇట్లు,
మీ మన్నింపు కోరని
ఎఫ్రాయిం టటిల్