పాత గీజర్ తీయించకండి

వదినగారూ,

మీరు ఆర్డర్ పెట్టిన ఇన్‌స్టంట్ గీజర్ బిగించడానికి రేపు వస్తానని ప్లంబర్ ఫోన్ చేశాడు. దయచేసి అతన్ని రావద్దనండి. ట్యాంకున్న పాతదే మాకు కావాలి.

అది తుప్పు పట్టిన మాట నిజమే. "దాన్నెందుకు పట్టుకు వేలాడతావు" అని మీ తమ్ముడూ విసుక్కుంటున్నారు. కానీ ఈ ఎండలకి డాబా మీది ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి సలసల కాగుతున్నాయి. పాత గీజర్‌లో రాత్రి నిండిన నీళ్లు, స్విచ్ వేయకపోతే, బాత్రూం నీడలో చల్లగా ఉంటాయి. నేను డ్యూటీ నుంచి వచ్చాక అత్తయ్యకు వాటితోనే స్నానం. కొత్తదాంట్లో నీళ్లు నిలవవుగా!

బకెట్లో పట్టి ఉంచుకోవచ్చు కదా అంటారు. మొదట్లో అలాగే చేసేదాన్ని. ఒకరోజు మరిచిపోయాను. హడావిడిలో కుళాయి నీళ్లే పోసేశాను. పక్షవాతం వచ్చిన ఎడమవైపు ఆవిడకు వేడి తెలియదు. నవ్వుతూ కబుర్లు చెబుతూనే ఉన్నారు.

మొన్న మీరొచ్చి, ఆవిడ ఎడమ భుజం మీద ఆ ఎరుపేమిటని అడిగారు. చెమటపొక్కులని అత్తయ్యే చెప్పారు. నేను పక్కనే నిలబడి తలూపాను.

మీ మరదలు