ఆయన ప్రార్థన

ఆదివారం రాత్రి

పొద్దున పురసవాక్కం చర్చిలో పాస్టరుగారు, "నిద్ర లేవగానే మీ మనసు మొదట దేన్ని వెతుక్కుంటుందో చూసుకోండి. మీరు దాచుకున్న విగ్రహం అదే" అన్నారు. మా ఆయన పోయినప్పటి నుంచి లేవగానే నేను వెతుక్కునేది ఫోన్‌లో ఉన్న ఆయన గొంతునే. ఆస్పత్రి మంచం మీద నాకోసం చేసిన ప్రార్థన అది. విన్నాకే బైబిలు తెరుస్తాను.

మధ్యాహ్నం మా అమ్మాయి స్టెల్లా నా పాత ఫోన్‌లోవన్నీ కొత్తదానిలోకి మారుస్తూ, "అమ్మా, నాయన వాయిస్ కూడా ఎక్కించేదా?" అని అడిగింది.

"వద్దులే."

"ఏంమా, ఏమైంది నీకు? ఆడుండేది ప్రార్థనే కదా?"

ప్రార్థనే. కానీ రోజూ నేను వింటున్నది ప్రార్థననా, ఆయన్నా? స్టెల్లా పాత ఫోన్ నా చేతికిచ్చి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆ ఫోన్‌ను బీరువాలో పెట్టేసి మోకరించాను. ఈ ఒక్కసారైనా నా సొంత మాటల్లో ప్రార్థించాలనుకున్నాను. నోరు తెరిస్తే, "ప్రభువా, మా ఇంటిదాన్ని చల్లగా కాపాడు" అని వచ్చింది.

అవి ఆయన మాటలు. ఫోన్‌నైతే బీరువాలో పెట్టగలిగాను. వీటినెక్కడ పెట్టను తండ్రీ?